వేరుశనగలో వేరు ఎక్కడిది?

నిన్నటి చర్చలో ఒకరు "వేరుశనగ అనే మాటే తప్పు, ఆ కాయ వేరుకు కాయదు కదా" అన్నారు. కాయదన్నది నిజమే. కానీ అంతమాత్రాన మాటను తప్పనేయడం నాకు నచ్చలేదు, అందుకే విడిగా రాస్తున్నా.

మొక్కను పీకితే వేళ్లూ కాయలూ మట్టితో కలిసే పైకొస్తాయి, మొదటిసారి చూసినవాళ్లు వేరుకు కాసిన శనగ అనుకోవడంలో వింతేముంది? అసలు జరిగేది ఇంకోటి. పసుప్పచ్చ పువ్వు నేలపైనే పూస్తుంది, అది వాడాక అండాశయం అడుగుభాగం సన్నని కాడలా సాగి, కిందికి వంగి, మట్టిలోకి దిగుతుంది, దాని చివరే కాయ ఊరుతుంది. ఆ కాడకు రైతుల మాట "ఊడ". మర్రి కొమ్మ నుంచి దిగేదాన్ని ఏమంటామో దీన్నీ అదే అన్నారు, ఎంత బాగా కుదిరిందో చూడండి! ఊడలు దిగే దశలో కలుపు తీస్తామని మట్టి కదిలించొద్దంటారు, ఎందుకంటే ఊడ తెగితే ఆ కాయ పోయినట్టే. అంటే కాయ వేరుకు కాయదని పండించేవాళ్లకు తెలుసు, దానికి మాట కూడా ఉంది. పాఠ్యపుస్తకాల కోసం సంస్కృతంలో కొత్త పదం కట్టక్కర్లేదు.

ఇంకో సంగతి, నాకు బాగా నచ్చింది. ఈ కాయ కొంత వేళ్ల పని కూడా చేస్తుంది. పెరిగే కాయకు కావలసిన కాల్షియం వేళ్ల ద్వారా సరిగా అందదు, చుట్టూ ఉన్న మట్టిలోంచి కాయే నేరుగా పీల్చుకుంటుంది. పూత టైములో మొక్కల మొదళ్ల దగ్గర కాల్షియం ఉండే జిప్సం వేసేది అందుకే, కాల్షియం చాలకపోతే తాలు కాయలు ఎక్కువవుతాయి.

పల్లీ తెలుగు కాదు, వాడొద్దు అన్నవాళ్లకు ఒక మాట: అది హిందీ "ఫలీ" నుంచి వచ్చింది, దానర్థం కాయే. శనక్కాయ అన్నా పల్లీ అన్నా కాయనే పిలుస్తున్నాం. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ మొక్కకు పెట్టిన శాస్త్రీయ నామం "అరాకిస్ హైపోజియా"లో కూడా హైపోజియా అంటే భూమి కింద అనే.

గింజలో దాదాపు సగం నూనే కదా, ఆ మాటా చూడండి. నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి. దక్షిణ అమెరికా నుంచి ఆలస్యంగా వచ్చిన ఈ పంటకు శనగ నుంచి పేరు ఇచ్చాం, దాని నూనెకు నువ్వుల నుంచి మాట ఇచ్చాం.

మీరు ఊడకు ఇంకో మాట విని ఉంటే తప్పకుండా రాయండి.