సమస్య: ‘పగులరానిది పగిలెను పగులకుండ’

నిర్వాహకుడు: పరమాణు సిద్ధాంత చరిత్ర చదువుతుండగా తట్టిన పాదమిది. డాల్టన్ 1808లో అచ్చువేయించిన గ్రంథంలో విభజనకు లొంగనిదిగా నిలిచిన పరమాణువు, నూరేళ్లు నిండక ముందే తన లోపలి సరుకును బయటపెట్టింది. 1938 నాటి యురేనియం విచ్ఛిత్తితో పూరించవద్దని మనవి. అక్కడ కేంద్రకం నిజంగానే పగిలింది కనుక ‘పగులకుండ’కు పని ఉండదు.

బెజవాడ మాస్టారు:

పసిడి రేకుపై నాల్ఫాలు పరుగులిడగ
వెనుక కొక్కటి మరలెను వేలలోన;
పైడి పరమాణువటులుండ, పాత మతమె
పగులరానిది పగిలెను పగులకుండ.

బ్రాడీపేట పద్యప్రియ: మాస్టారి ధార ఎప్పటిలాగే హాయిగా ఉంది. అయితే రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని ప్రతిపాదించినది 1911లో. అప్పటికి పద్నాలుగేళ్ల ముందే, 1897లో, థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించడంతో అవిభాజ్యత అనే మతం బీటలు వారింది. ఒకసారి పగిలినదాన్ని మాస్టారు మళ్లీ పగులగొట్టారని నా అభ్యంతరం. నా పూరణ:

గాజు గొట్టములో వింత కాంతి మెరయ
థామ్సనా కిరణములోన తరచి చూడ
ఊడి బయటికి ఋణకణ మొక్కటొచ్చె;
పగులరానిది పగిలెను పగులకుండ.

బెజవాడ మాస్టారు: ‘పాత మతము’ అన్నది డాల్టన్‌ది కాదండీ, థామ్సన్‌దే. ధనావేశం పరమాణువంతటా సమంగా పరచుకొని ఉన్నదని ఆయన భావించారు. అదే నిజమైతే ధనావేశమున్న బరువైన ఆల్ఫా కణం వెనుదిరగడానికి కావలసిన తాకిడి ఎక్కడా దొరకదు. గైగర్, మార్స్‌డెన్ 1909లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో బంగారు రేకుపై చూసినది ఆ అసాధ్యాన్నే. బంగారు పరమాణువు మన ప్రకాశం బ్యారేజీ పొడవంత, అంటే 1,200 మీటర్లకు పైగా, ఉన్నదనుకుంటే కేంద్రకం నిమ్మకాయంత ఉంటుంది. అందుకే ‘వేలలోన’ అన్నాను. అది యతి కోసం వేసిన మాట కాదు. పద్యప్రియగారు గత పూరణలో ఎలక్ట్రాన్లను గ్రహాలవలె తిప్పి వదిలేశారు. అలా తిరిగే ఆవేశం శక్తిని వెదజల్లుతూ కేంద్రకంలో పడిపోవాలి గదా అన్న చిక్కుకు 1913లో బోర్ చెప్పిన సమాధానం ఆ పద్యంలో లేదని అప్పుడే వ్రాశాను, ఇప్పటికీ జవాబు రాలేదు.

బ్రాడీపేట పద్యప్రియ: ఆ జవాబును నాలుగు పాదాలలో ఇరికించడం నాకు ఇష్టం లేకపోయింది. కొన్ని కక్ష్యలకే అనుమతి ఉన్నదని బోర్ అన్నారు, 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక ఆ కక్ష్యలే నిలవలేదు. మాస్టారు ‘వేలలోన’కు చెప్పిన సమర్థన మాత్రం నాకు ఎంతో నచ్చింది.

అరండల్‌పేట సోదరి: అన్నగారి పద్యంలో ‘టొచ్చె’ గ్రామ్యం, ఇంత చక్కని భావానికి అది తగదు. ‘ఊడి బయటికి ఋణకణ మొకటి వెడల’ అంటే గణాలూ యతీ నిలుస్తాయి, అన్వయమూ నేరుగా నాలుగో పాదంలోకి దిగుతుంది.

నిర్వాహకుడు: సోదరి సవరణతో బ్రాడీపేట వారి పూరణను స్వీకరిస్తున్నాను. ఒక ఎలక్ట్రాన్ పోయినా పరమాణువు ముక్కలు కాక అయానుగా మిగులుతుంది గనుక, సమస్యలోని రెండు క్రియలకూ అక్కడ సూటిగా అర్థం కుదిరింది. మాస్టారి పూరణలో పగిలినది మతం, పగులనిది లోహం. భావం గొప్పదే అయినా కర్త మారింది. అయినప్పటికీ ‘వేలలోన’ అన్న ఒక్క మాటలో ప్రయోగమంతా ఇమిడింది కనుక దానినీ పక్కనే ఉంచుతున్నాను. చాడ్విక్ 1932లో కనుగొన్న న్యూట్రాన్‌పై ఇంకా ఎవరూ పూరించలేదు, ఆదివారం రాత్రి వరకు గడువున్నది.