డాక్టర్ చీటీ లేకుండా నేరుగా ఫిజియోథెరపీకి వెళ్లొచ్చా? (విజయవాడ)

నాకు 46 ఏళ్లు, షుగర్ ఉంది. మూడు నెలల షుగర్ సగటు (HbA1c పరీక్ష) 8.1. ఏడు వారాలుగా కుడి భుజం నొప్పి, దెబ్బేమీ తగల్లేదు. చెయ్యి ముందుకు భుజం ఎత్తు దాకా లేస్తుంది, ఆపైన పట్టేస్తుంది. వెనక్కి అసలు పోదు, చొక్కా తొడుక్కోవాలన్నా మా ఆవిడ సాయం కావాలి. రాత్రి ఆ వైపు ఒత్తిగిలితే మెలకువే. తిమ్మిర్లు, జ్వరం లేవు.

మందుల షాపువాళ్లిచ్చిన నొప్పి మాత్రలు ఐదు రోజులు వాడాను. కడుపులో మంట తప్ప ఒరిగిందేం లేదు. కాపడం పెడితే అరగంట హాయి, అంతే. యూట్యూబ్‌లో చూసి గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం రెండు వారాలు చేశాను. నొప్పి ఇంకా ఎక్కువైతే మానేశాను.

షుగర్ ఉన్నవాళ్లకి ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) ఎక్కువగా వస్తుందంటారు, నాదీ అదే అనుకుంటున్నా. సూర్యారావుపేటలో ఒక ఫిజియోథెరపీ సెంటర్‌లో ఎముకల డాక్టర్ చీటీ తెమ్మన్నారు. మొగల్రాజపురంలో ఇంకోచోట చీటీ అక్కర్లేదు, పది సిట్టింగులు పడతాయి అన్నారు. చెయ్యి పట్టుకుని చూడకుండానే పది అని ఎలా లెక్కేశారో!

షుగర్ ఉండి ఇలాగే భుజం పట్టేసినవాళ్లు ముందు ఎముకల డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించుకున్నారా, నేరుగా ఫిజియో దగ్గరికే వెళ్లారా?