జవాబు నొక్కగానే టాక్‌బ్యాక్ ఫోకస్ తెర పైకి వెళ్లిపోతోంది, ఏం చేయాలి?

చూపులేని పిల్లలు కూడా భిన్నాలు సాధన చేసేలా మేము నలుగురు విద్యార్థులం ఒక ఆండ్రాయిడ్ యాప్ తయారుచేస్తున్నాం. అక్షరాలకు 4.5:1 కాంట్రాస్ట్ (నేపథ్యంతో వెలుగు తేడా), బటన్లకు 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) పరిమాణం సులభంగానే కుదిరాయి. పని అయిపోయిందనుకుని కొన్నాళ్లు మురిసిపోయాం కూడా. అయితే చూపులేని ఒక విద్యార్థిని టాక్‌బ్యాక్‌తో (తెర మీది అంశాలను చదివి వినిపించే ఆండ్రాయిడ్ సదుపాయం) వాడి చూసినప్పుడు, మూడో ప్రశ్నకు జవాబు ఎంచుకుని రెండుసార్లు తట్టగానే జాబితా మొత్తం మళ్లీ లోడై, ఫోకస్ (టాక్‌బ్యాక్ ప్రస్తుతం ఉన్న చోటు) తెర పైనున్న ‘వెనుకకు’ బటన్ మీదికి వెళ్లింది. ఆమె ప్రతిసారీ మొదటినుంచి వెతుక్కోవలసి వచ్చింది. ఫలితం చూపే వాక్యాన్ని లైవ్ రీజియన్‌గా (మారగానే టాక్‌బ్యాక్ తనంతట తానే చదివే భాగంగా) పెట్టినా, ఫోకస్ మారడంతో ఆ మాట సగంలోనే తెగిపోతోంది. జాబితాను రీసైక్లర్‌వ్యూతో (జాబితాలు చూపే ఆండ్రాయిడ్ భాగం) నిర్మించాం. మారిన అంశాన్ని మాత్రమే నవీకరిస్తూ ఫోకస్‌ను అక్కడే నిలపడానికి సరైన పద్ధతి ఏమిటో, ఇటువంటి చిక్కును పరిష్కరించినవారు దయచేసి తెలియజేయగలరా?