గ్లెండా జాక్సన్ పార్లమెంటుకు వెళ్లడం నటనకు తీరని నష్టమేనా?

నాటకప్రియ:
‘విమెన్ ఇన్ లవ్’, ‘ఎ టచ్ ఆఫ్ క్లాస్’ సినిమాలకు రెండు ఆస్కార్లు గెలిచిన బ్రిటిష్ నటి గ్లెండా జాక్సన్ 1992లో అక్కడి లేబర్ పార్టీ ఎంపీ అయింది. 2015 దాకా, అంటే 23 ఏళ్లు, మళ్లీ స్టేజీ ఎక్కలేదు. బీబీసీ సీరియల్ ‘ఎలిజబెత్ ఆర్’లో రాణి వేషం కోసం తల ముందు భాగం గొరిగించుకున్న మనిషి! రాజకీయాల్లో దక్కిందేమిటి? రవాణా శాఖలో రెండేళ్లు జూనియర్ మంత్రి పదవి, మిగతా కాలం దాదాపు అంతా వెనక బెంచీలో మామూలు ఎంపీగానే. ఆమె తరానికే చెందిన జూడీ డెంచ్ సరిగ్గా ఆ ఏళ్లలోనే ‘మిసెస్ బ్రౌన్’ (1997)తో ప్రపంచమంతా తెలిసింది. నా దృష్టిలో ఇది తీరని నష్టమే.

తూర్పుగాలి:
పదవులతో కొలిస్తే ఎలా అండీ? ఆవిడ తండ్రి తాపీ పనివాడు, తల్లి ఇళ్లు శుభ్రం చేసేది. మందుల షాపులో పనిచేస్తూ స్కాలర్‌షిప్ తెచ్చుకుని లండన్‌లోని నటన శిక్షణ సంస్థ రాడాలో చేరిన మనిషి. కన్జర్వేటివ్ ప్రధాని మార్గరెట్ థాచర్ పాలన మీద ఆవిడ కోపం ఆ జీవితంలోంచే వచ్చింది. 2013 ఏప్రిల్‌లో థాచర్ చనిపోయాక, పార్లమెంటులో జరిగిన నివాళుల సభలో షాపుల గుమ్మాల్లో పడుకున్న ఇల్లు లేనివాళ్ల గురించి మాట్లాడింది. ఎదుటి పక్షం వాళ్లు అరుస్తున్నా ఆపలేదు. అంతకుముందు ఇరాక్ యుద్ధం విషయంలో సొంత పార్టీ ప్రధాని టోనీ బ్లెయిర్‌నీ వదల్లేదు. 2010 ఎన్నికల్లో 42 ఓట్ల తేడాతో గట్టెక్కింది, అయినా గొంతు తగ్గించలేదు.

నాటకప్రియ:
ఆ ప్రసంగం నేనూ చూశాను, గొప్పగా ఉంది. కానీ అలా మాట్లాడగల ఎంపీలు ఇంకా ఉంటారు. ఆమెలా నటించగలవాళ్లు ఎందరు?

పాతటికెట్టు:
నాటకప్రియ గారూ, 2016 సంగతి మీరు లెక్కలోకి తీసుకోలేదు. 80 ఏళ్ల వయసులో లండన్ ఓల్డ్ విక్ థియేటర్‌లో షేక్‌స్పియర్ నాటకంలోని ముసలి రాజు కింగ్ లియర్‌గా తిరిగొచ్చింది. కూతురి పాత్ర కాదు, లియరే! ఎంపీగా వృద్ధాశ్రమాలకు వెళ్లినప్పుడు, వయసు మీద పడేకొద్దీ ఆడా మగా తేడాల గీతలు చెరిగిపోవడం గమనించానని ఆమే చెప్పింది. ఆ పాత్రకు ఇంతకంటే మంచి శిక్షణ ఏ రిహార్సల్ గదిలో దొరుకుతుంది? తర్వాత 2018లో ‘త్రీ టాల్ విమెన్’ నాటకానికి అమెరికా రంగస్థల అవార్డు టోనీ, ఆ తర్వాత టీవీ సినిమా ‘ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్’లో మతిమరుపుతో పోరాడే మాడ్ పాత్రకు బ్రిటిష్ అవార్డు బాఫ్టా. ఇవి పాత పేరు చూసి ఇచ్చిన అవార్డులు కావు.

ఇంకో మాట. నాటక రచయితలు ఆడవాళ్లను కథకు కేంద్రంగా పెట్టరని ఆమె జీవితాంతం గట్టిగా అంటూనే ఉంది. యాభై ఐదు దాటిన నటికి ఆ రోజుల్లో లియర్ లాంటి పాత్ర ఎవరిచ్చేవారు? స్టేజీ మీదే ఉండిపోయుంటే ఎవరో ఒకరి తల్లిగా నాలుగు సీన్లు వచ్చేవేమో. ఆ 23 ఏళ్లకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు, అలాంటి పాత్రలు రాయనివాళ్లు.