జూన్‌లో చంటిపిల్లలతో ఎడారి నేషనల్ పార్కులు: ఏవి చూడాలి, ఏవి వదలాలి?

అడిగినవారు: నల్లగొండ నుంచి ఒక అమ్మమ్మ

నమస్తే అందరికీ. మా బిడ్డ, అల్లుడు అమెరికాలో, ఫీనిక్స్‌లో ఉంటారు. మనుమరాలికి మూడేళ్లు, మనుమడికి ఏడాదిన్నర, వాడు ఇప్పుడిప్పుడే ఉరుకుతున్నాడు. నేను, మా ఆయన మే ఆఖరుకు పోతున్నాం. జూన్ రెండో వారంలో అల్లుడికి వారం లీవు దొరికిందట, కారులో గ్రాండ్ క్యానియన్, జయాన్, బ్రైస్, ఆర్చెస్, డెత్ వ్యాలీ అన్నీ చుట్టి వద్దామంటున్నాడు. పిల్లలకు ఎండ తగులుతుంది కదా అంటే "నల్లగొండోళ్లకు ఎండేంది అత్తమ్మా" అంటాడు. నాకేమో తలుచుకుంటేనే టెన్షన్. చిన్నపిల్లలతో పోయొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఏది చూడొచ్చు, ఏది వద్దు, ఏమేం సర్దుకోవాలి చెప్పండి. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి.

జవాబు: వనపర్తి ఆడబిడ్డ, ప్రస్తుతం అరిజోనా

అక్కా, మీ అల్లుడి మాటతోనే మొదలుపెడతాను. మనకు ఎండ తెలుసు కాబట్టే మే నెలలో మిట్టమధ్యాహ్నం పసిపిల్లను ఎత్తుకొని బయట అడుగు పెట్టం. అక్కడా అదే పద్ధతి పాటించాలి. పైగా మన దగ్గర నాలుగడుగులు వేస్తే వేపచెట్టో, కిరాణా కొట్టో, మంచినీళ్లిచ్చే ఇల్లో దొరుకుతుంది, అక్కడ మైళ్ల కొద్దీ ఏమీ ఉండదు, ఫోన్ సిగ్నల్ కూడా చాలాచోట్ల రాదు. గాలిలో తేమ ఎంత తక్కువంటే చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా తడవదు, కాబట్టి పిల్ల ఒంట్లోంచి నీళ్లు పోతున్న సంగతే మన కంటికి కనపడదు.

జూన్‌లో పోతున్నారు కాబట్టి పార్కును పేరు చూసి కాదు, ఎత్తు చూసి ఎంచుకోండి. ఎంత ఎత్తుకు పోతే అంత చల్లగా ఉంటుంది. డెత్ వ్యాలీలో బ్యాడ్‌వాటర్ అనే చోటు సముద్రమట్టం కన్నా 282 అడుగులు కిందికి ఉంటుంది, 1913లో అక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ రికార్డు అదే. జూన్‌లో పగలు 43 మామూలు. వేసవిలో పొద్దున 10 దాటాక అక్కడ కింది ప్రాంతాల్లో నడవొద్దని పార్కువాళ్లే చెప్తారు. చంటిపిల్లలతో అది పూర్తిగా వదిలేయండి. ఆర్చెస్ కూడా ఈసారికి వద్దు. దూరం ఎక్కువ, అక్కడ అందరూ చూడాలనుకునే డెలికేట్ ఆర్చ్‌కు పోయి రావడానికి 3 మైళ్లు, నీడ అనేదే ఉండదు.

మిగిలినవి మూడు. వారం రోజులకు అవే ఎక్కువ, నన్నడిగితే రెండే చాలు.

గ్రాండ్ క్యానియన్ సౌత్ రిమ్, అంటే లోయకు దక్షిణపు అంచు, దాదాపు 7,000 అడుగుల ఎత్తు. జూన్‌లో పైన 27 డిగ్రీలుంటే కింద లోయలో 38 దాటుతుంది, కాబట్టి "కొంచెం దూరం దిగి చూద్దాం" అని ఎవరన్నా ఒప్పుకోకండి. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, ఎక్కేటప్పుడు పిల్ల బరువు, ఎండ రెండూ మీద పడతాయి. పైన రిమ్ వెంట ‘ట్రెయిల్ ఆఫ్ టైమ్’ అని చదునైన దారి ఉంది, ఒక్కో మీటరు భూమి చరిత్రలో పది లక్షల ఏళ్లకు గుర్తు, నేలలో లోహపు బిళ్లలు పెట్టారు. మూడేళ్ల పిల్ల ఒక్కో బిళ్ల మీద గెంతుకుంటూ పోతుంది, మీవారి మోకాళ్లకూ ఇబ్బంది ఉండదు, స్ట్రోలర్ కూడా నడుస్తుంది. అయితే రిమ్ అంచున అన్నిచోట్లా రెయిలింగ్ ఉండదు. ఏడాదిన్నర వాడు నేల మీద ఉన్నంతసేపు ఒక మనిషి చెయ్యి వాడి చేతిలోనే ఉండాలి, ఆ మనిషి ఫోటోలు తీయకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా అల్లుడికి చెప్పండి.

బ్రైస్ అంచు 8,000 నుంచి 9,000 అడుగులు. సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అర మైలు సిమెంటు దారి, అంత నడిస్తే చాలు, ఎర్ర రాతి స్తంభాలన్నీ పైనుంచే కనపడతాయి. ఎత్తు కదా, మీకు మొదటిరోజు కొంచెం ఆయాసం రావచ్చు, నెమ్మదిగా నడవండి. జూన్‌లోనూ రాత్రిపూట స్వెట్టర్ కావాలి. "ఎడారికి స్వెట్టరెందుకు" అని తీసి పక్కన పెట్టకండి.

జయాన్ ఈ మూడింట్లో తగ్గు ప్రాంతం, మధ్యాహ్నం మన ఏప్రిల్ ఎండలాగే ఉంటుంది. సీజన్‌లో లోయలోకి సొంత కార్లను పోనివ్వరు, షటిల్ బస్సే, పొద్దున్నే మొదటి బస్సులు పట్టుకోవాలి. చివరి స్టాపులో దిగితే రివర్‌సైడ్ వాక్, పోను రాను 2.2 మైళ్లు, నది పక్కనే, పొద్దున కొండ నీడ ఉంటుంది. నదిని చూస్తే పిల్లలు ఆగరు. ఆ నదిలో విషం పుట్టించే సయనోబ్యాక్టీరియా ఉందని 2020 నుంచి పార్కువాళ్లు హెచ్చరిస్తున్నారు. ఆ నీళ్లు నోట్లోకి పోకూడదు, తడి చేతులు నోట్లో పెట్టుకొనే వయసు కాబట్టి ఒడ్డు మీదే ఆడించి, వెంట తెచ్చుకున్న మంచినీళ్లతో చేతులు కడగండి.

రోజు ఎట్లా ఉండాలంటే, ఐదున్నరకు లేచి ఆరున్నరకు నడక మొదలుపెట్టి పదింటికల్లా గదికో కారులోకో వచ్చేయాలి. మధ్యాహ్నం నిద్ర టైమ్‌లో దూరం డ్రైవింగ్ పెట్టుకోండి, ఇద్దరూ పడుకుంటారు. ఫీనిక్స్ నుంచి సౌత్ రిమ్‌కు మూడున్నర గంటలు, జయాన్ నుంచి బ్రైస్‌కు రెండు. సౌత్ రిమ్ నుంచి జయాన్ మాత్రం ఐదు గంటల దాకా పడుతుంది, మధ్యలో పేజ్ ఊళ్లో ఆగండి. పొద్దు గుంకే ముందు ఇంకో చిన్న నడక, ఇంతే. పిల్లలు రాళ్లేరుకుంటూ ఒకేచోట గంట కూర్చుంటే కూర్చోనివ్వండి, వాళ్లకు అదే పార్కు.

జవాబు: మహబూబ్‌నగర్ నుంచి, పిల్లల వార్డులో నర్సు

అమ్మా, ఆరోగ్యం సంగతి నేను చెప్తాను. దాహం అని అడిగేదాకా ఆగొద్దు, పదిహేను ఇరవై నిమిషాలకోసారి రెండు గుక్కలు పట్టించాలి. డైపర్ చూస్తూ ఉండండి. ఐదారు గంటలైనా తడవకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, నాలుక ఎండినా, ఎప్పుడూ ఉరికేవాడు మెత్తబడి భుజం మీద వాలినా నడక అక్కడే ఆపండి. ఒళ్లు కాలిపోతూ మత్తుగా ఉంటే నీడలోకి తెచ్చి, బట్టలు విప్పి, నీళ్లతో తడిపి విసురుతూ 911కు (అక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేయాలి. మత్తులో ఉన్న పిల్లకు నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇక్కడి నుంచే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు తీసుకుపోండి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్నవే కొనండి, తియ్యటి డబ్బా డ్రింకులు కాదు. అట్లాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని 2025 అక్టోబర్‌లో మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది కూడా. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, అంచనాగా చిటికెడు చిటికెడు వద్దు.

పిల్లాడిని వీపున మోసే క్యారియర్లో కూర్చోబెడితే వాడు నడవడు కాబట్టి చల్లగానే ఉన్నాడనుకుంటాం. మోసేవాళ్ల ఒంటి వేడి, పైన ఎండ, రెండూ వాడికే. అప్పుడప్పుడు దించి మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. పల్లీలు, పుట్నాలు ఇద్దరికీ వద్దు, గొంతులో అడ్డం పడతాయి, నాలుగేళ్లు దాటేదాకా గింజలు గింజలుగా ఇవ్వొద్దు. అటుకులు, మెత్తటి చపాతీ, అరటిపండు మంచివి.

జవాబు: అచ్చంపేట నుంచి

ఆరు నెలలు ఉండేటట్టు పోతున్నారా? అయితే జూన్‌లో గ్రాండ్ క్యానియన్ ఒక్కటి చూసి, మిగతావి అక్టోబర్ చివరకు పెట్టుకోండి వదినా. అప్పుడు పక్క రాష్ట్రం న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ పార్కుకు కూడా పోవచ్చు. జిప్సం ఇసుక, తెల్లగా ఉంటుంది, మామూలు ఇసుకలాగా కాలదు, పిల్లలు పొద్దస్తమానం ఆడతారు. కానీ కారు కనపడే దూరం దాటొద్దు, అన్ని దిబ్బలూ ఒక్కతీరే ఉంటాయి. 2015 ఆగస్టులో అక్కడ ఒక ఫ్రెంచి జంట నీళ్లు సరిపోక నడక దారిలోనే చనిపోయారు, తమ వాటా నీళ్లు కూడా పట్టించడం వల్ల తొమ్మిదేళ్ల కొడుకు బతికాడు.

అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. అల్లుడికి చదివి వినిపించాను, డెత్ వ్యాలీ, ఆర్చెస్ తీసేశాడు. అక్టోబర్ సంగతి ఆలోచిస్తామన్నారు. ఇంకో రెండు అడుగుతాను. బాత్రూమ్‌లు ఎట్లా ఉంటాయి? మాకు టికెట్ ఎక్కువ అంటున్నారు, నిజమేనా?

జవాబు: వనపర్తి ఆడబిడ్డ

టికెట్ సంగతి నిజమే అక్కా. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేని, 16 ఏళ్లు నిండినవాళ్లకు 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. గ్రాండ్ క్యానియన్, జయాన్, బ్రైస్ మూడూ ఆ లిస్టులో ఉన్నాయి. 250 డాలర్ల వార్షిక పాస్ తీసుకున్నవాళ్లకు ఆ అదనం లేదు, కాబట్టి మీ ఇద్దరికీ లెక్క చూసుకొని బయలుదేరే ముందే పాస్ తీసుకోండి.

బాత్రూమ్‌లు విజిటర్ సెంటర్ల దగ్గర బాగుంటాయి, మారుమూల పాయింట్ల దగ్గర గుంత మరుగుదొడ్లే, నీళ్లుండవు. కడుక్కోవడానికి ఒక బాటిల్ ఎప్పుడూ సంచిలో విడిగా పెట్టుకోండి, తాగే నీళ్లలో కలపకండి. వాడిన డైపర్లకు జిప్ కవర్లు కావాలి, దారిలో ఎక్కడా పడేయకూడదు. ఉడతలు దగ్గరికి వస్తాయి, పిల్లల చేతిలో తినేది ఉంటే కరుస్తాయి, వాటికి పెట్టడం కూడా నిషేధమే. ఇంకా ఒక పళ్ల దువ్వెన పెట్టుకోండి. అక్కడ చోల్లా అనే నాగజెముడు జాతి మొక్క ఉంటుంది, కొంచెం తగిలినా ముళ్ల ముద్ద ఊడివచ్చి ఒంటికి పట్టుకుంటుంది, చేత్తో లాగితే చేతికీ గుచ్చుకుంటుంది. దువ్వెన ముద్దకు, చర్మానికి మధ్యలో దూర్చి ఎగరగొట్టాలి.

మీవారిని మాత్రం ఈ నెల రోజులూ పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద పొద్దున్నే నడిపించండి, అక్కడ వేసుకొనే బూట్లతోనే.