హడ్సన్ వ్యాలీలో కూరగాయల ఫార్మ్‌లో అప్రెంటిస్‌గా చేరొచ్చా?

పొకీప్సీ నుంచి:

అందరికీ నమస్కారం. నేను అక్టోబరులో ఇక్కడికి, న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ వ్యాలీకి వచ్చాను. బాపట్లలో ఏజీ బీఎస్సీ చేశాను. మా వారిది హెచ్1బీ వర్క్ వీసా, నాది హెచ్4 డిపెండెంట్ వీసా. గ్రీన్ కార్డు కోసం వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది. నా ఈఏడీకి, అంటే పని చేసే అనుమతి కార్డుకి, అప్లై చేశాం, కార్డు ఇంకా రాలేదు. ఈ చుట్టుపక్కల చిన్న చిన్న ఆర్గానిక్ ఫార్మ్‌లు చాలా ఉన్నాయి కదా, ఒకదాంట్లో ఒక సీజన్ అప్రెంటిస్‌గా చేయాలని గట్టిగా ఉంది. ఒకచోట మాట్లాడితే "జీతం ఉండదు, గది ఇస్తాం, తిన్నన్ని కూరగాయలు ఇస్తాం, ఏప్రిల్‌లో వచ్చేయండి" అన్నారు. ఒప్పుకోవచ్చా? చేరేముందు ఏమేం అడగాలి?

కొలంబియా కౌంటీ నుంచి:

అమ్మా, ఆ ఫార్మ్‌కి ఇప్పుడే సరేననకు. వీసా సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడున్నారు, వాళ్లు రాస్తారు. నేను పని సంగతి చెప్తాను.

న్యూయార్క్ రాష్ట్రంలో పొలం పనికి కూడా కనీస వేతనం ఉంది. న్యూయార్క్ సిటీ, లాంగ్ ఐలాండ్, వెస్ట్‌చెస్టర్ తీసేస్తే మిగతా రాష్ట్రమంతా 2026లో గంటకు 16 డాలర్లు. ఓవర్‌టైమ్ కూడా ఉంది. 2020లో వారానికి 60 గంటలు దాటితే అని మొదలుపెట్టారు, 2024లో 56 చేశారు, 2026 జనవరి నుంచి 52. ఇలా తగ్గుతూ 2032కి 40కి వస్తుంది. వారానికి ఒక పూర్తి రోజు సెలవు నీ హక్కు. అదే హద్దు దాటి మసాచుసెట్స్‌లో అడుగుపెడితే పొలం పనికి కనీస వేతనం 8 డాలర్లే. అందుకే ఫార్మ్ ఏ రాష్ట్రంలో ఉందో ముందు చూసుకో. అప్రెంటిస్ అని పేరు పెట్టినంత మాత్రాన చట్టం పక్కకు పోదు.

జీతం ఎంత ముఖ్యమో, నేర్పే మనిషి అంతకంటే ముఖ్యం. నేలను చూసి మురిసిపోకు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి అసలే మురిసిపోకు. కిందటేడు అక్కడ చేసిన అప్రెంటిస్‌ల నంబర్లు అడిగి వాళ్లకు ఫోన్ చెయ్యి. నారు పోయడం, సాగు ప్లాన్ వేయడం, ట్రాక్టర్, డ్రిప్ నేర్పారా, లేక ఏడు నెలలూ కలుపు తీయించి, కట్టలు కట్టించి పంపేశారా? జవాబు చెప్పేముందు వాళ్లు కాస్త ఆగారంటే నీకే అర్థమవుతుంది. నంబర్లు ఇవ్వడానికి వెనకాడే ఫార్మ్‌కి వెళ్లొద్దు. గంటలు, జీతం, గది, సెలవు, ఏ నెలలో ఏం నేర్పుతారు అన్నవన్నీ కాగితం మీద రాయించుకో. మంచి రైతులు దీనికి నొచ్చుకోరు. మా ఫార్మ్‌లో ఆ కాగితం యజమానులే ముందు ఇస్తారు.

మన వ్యాలీలో క్రాఫ్ట్ అని ఫార్మ్‌ల కూటమి ఒకటి 1990ల్లో మొదలైంది. అందులో ఉన్న ఫార్మ్‌ల అప్రెంటిస్‌లు సీజన్‌లో ఒకరి ఫార్మ్ ఒకరు చూసి వస్తారు. మీరు ఇలాంటి వాటిలో ఉన్నారా అని అడుగు. ఖాళీల కోసం అట్రా (ATTRA) అనే వ్యవసాయ సమాచార సంస్థ వాళ్ల ఆన్‌లైన్ లిస్టు చూడు. మంచి చోట్లు ఫిబ్రవరి దాటేసరికి నిండిపోతాయి.

ఇక పని. పురుగుల పేర్లు, తెగుళ్ల పేర్లు నీకు వాళ్లకంటే బాగా తెలిసి ఉండొచ్చు, కానీ మొదటి రెండు నెలలు వాటి గురించి ఎవరూ అడగరు. చూసేది నీ చేతి వేగం. దాన్ని చిన్నతనంగా తీసుకోకు. ఇక్కడి చిన్న ఫార్మ్‌లు చాలావరకు సీఎస్ఏ మీద బతుకుతాయి. సభ్యులు సీజన్‌కి ముందే డబ్బు కట్టేసి, వారం వారం తమ వాటా కూరలు తీసుకెళ్తారు. ఈ దేశంలో ఈ పద్ధతి మొదలైన తొలి ఫార్మ్‌లలో ఒకటి, 1986 నాటి ఇండియన్ లైన్ ఫార్మ్, మా పక్కనే, హద్దు దాటితే మసాచుసెట్స్‌లోని సౌత్ ఎగ్రెమాంట్‌లో ఉంది. బుధవారం మధ్యాహ్నం వాటాలు ఇస్తామని మాటిస్తే వాన పడ్డా, ఎండ కాసినా బుధవారం మధ్యాహ్నానికి ఇవ్వాల్సిందే. అందుకే కోత రోజు అందరి ముఖాల్లో టెన్షన్ కనిపిస్తుంది.

కోత రోజు లెట్యూస్ అనే సలాడ్ ఆకుతో మొదలవుతుంది. ఎండ ఎక్కకముందే కోసేయాలి. ఎడమ చేత్తో మొక్కను కొంచెం వంచి, కత్తి నేలకు ఆనించి ఒక్క కోత. కింది పాడైన ఆకులు అక్కడే దులిపేసి, కోసిన మొదలు పైకి వచ్చేలా క్రేట్‌లో పెట్టాలి. క్రేట్ నిండగానే నీడకు చేర్చాలి, అక్కణ్నుంచి చన్నీళ్ల తొట్టిలోకి, తర్వాత కూలర్‌లోకి, అంటే చల్లటి గదిలోకి. పొలం వేడి ఆకులో ఉండిపోతే మర్నాటికి వడలిపోతుంది. మన దగ్గర తెల్లారేలోపు ఆకుకూర కోసి తడిగుడ్డ కప్పి రైతుబజారుకు తెచ్చేది ఇందుకే కదా, ఇక్కడ దానికి కూలర్ తోడైంది, అంతే.

కలుపు గురించి ఒక్క మాట. మొలక తెల్ల దారంలా నేల కిందే ఉన్నప్పుడు హో (పొడుగు కర్రకు బిగించిన కలుపు పనిముట్టు) ఆడిస్తే చాలు, పైకి ఏమీ కనిపించకపోయినా సరే. ఎండ ఉన్న పొడి రోజు పొద్దున్నే చెయ్యి, మధ్యాహ్నానికి మాడిపోతుంది. నడుం వంచి చేయొద్దు. నిటారుగా నిలబడి, రెండు బొటనవేళ్లు పైకి ఉండేలా కర్ర పట్టుకుంటే సాయంత్రానికి వెన్ను నీదిగానే ఉంటుంది. నువ్వు పీకే వాటిలో తోటకూర జాతివీ, గంగవావిలి కూరా బోలెడు కనిపిస్తాయి. గంగవావిలి పీకి అక్కడే పడేస్తే తుంచిన ముక్కకు కూడా వేరొచ్చి మళ్లీ లేస్తుంది, పొలం బయటికి మోయాల్సిందే. మోసే కష్టం ఎలాగూ ఉంది కాబట్టి ఇంటికి తెచ్చుకుని పప్పులో వేసుకో. కాడ తుంచినప్పుడు పాలు కారిందంటే మాత్రం అది గంగవావిలి కాదు, స్పర్జ్ అనే విషపు మొక్క.

టిక్స్ (ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే పిడుదులు) సంగతి తేలిగ్గా తీసుకోకు. అవి కుడితే వచ్చే లైమ్ జబ్బు ఈ వ్యాలీలో మామూలు. పిల్ల టిక్ గసగసం గింజంత ఉంటుంది. రోజూ ఇంటికి రాగానే బట్టలు డ్రైయర్‌లో వేసి, స్నానం చేసి మోకాళ్ల వెనక, చంకలు, బొడ్డు, చెవుల వెనక, జుట్టు మొదళ్లు చూసుకో. లైమ్ సోకాలంటే మామూలుగా 24 గంటలకు పైగా పట్టుకుని ఉండాలి, కాబట్టి అదే రోజు ట్వీజర్‌తో తీసేస్తే భయం చాలావరకు తీరుతుంది. ఎర్ర మచ్చ వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి ఫార్మ్‌లో పనిచేస్తున్నానని చెప్పు.

డ్రైవింగ్ లైసెన్స్ ఈ చలికాలంలోనే తెచ్చుకో. ఫార్మ్‌లకు బస్సులు పోవు.

ఆల్బనీ నుంచి:

అక్క చెప్పిందానికి వీసా వైపు నుంచి కలుపుతున్నానండి. జీతం లేకపోతే అది ఉద్యోగం కాదని చాలామంది అనుకుంటారు. గది, భోజనం, కూరగాయలు కూడా ప్రతిఫలమే. లాభం కోసం నడిచే ఫార్మ్‌లో వాలంటీర్ అని రాసుకున్నా నిలవదు. అనుమతి లేకుండా పనిచేసినట్టు తేలితే రేపు మీ గ్రీన్ కార్డు దగ్గర అది అడ్డు రావొచ్చు. కార్డు చేతికి వచ్చి, దాని మీది తేదీ మొదలయ్యాకే చేరండి. వచ్చాక ఏ యజమాని దగ్గరైనా చేయొచ్చు, రేపు మీరే సొంతంగా సాగు మొదలుపెట్టినా చెల్లుతుంది. కార్డు గడువు మీ ఐ-94తో (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ముడిపడి ఉంటుంది, కాబట్టి ఆగస్టులో కోతల మధ్య అయిపోతుందేమో చూసుకోండి. రెన్యువల్ 180 రోజుల ముందు నుంచే వేయొచ్చు, ఆలస్యం చేయకండి.

ఈలోపు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. మీ ఊళ్లోనే వాసర్ కాలేజీ స్థలంలో పొకీప్సీ ఫార్మ్ ప్రాజెక్ట్ అనే నాన్‌ప్రాఫిట్ ఉంది. అలాంటి చోట, అందరూ ఉచితంగా చేసే పనే, ఏమీ తీసుకోకుండా చేస్తే ఇబ్బంది లేదు. హెచ్4 మీద చదువుకోవడానికి అడ్డేమీ లేదు, కార్నెల్ యూనివర్సిటీ స్మాల్ ఫార్మ్స్ వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు చూడండి. మీ కేసులో మెలిక ఏదైనా ఉంటే మాత్రం లాయర్‌నే అడగండి.

పొకీప్సీ నుంచి:

అక్కా, అన్నయ్యా, చాలా థాంక్స్. ఆ ఫార్మ్ వాళ్లకు ఇప్పుడు రాలేనని చెప్పేశాను. ఇంకొక్కటి. గోంగూర ఇక్కడ వస్తుందా? ఇంటర్వ్యూలో ఆ మాట ఎత్తొచ్చా?

కొలంబియా కౌంటీ నుంచి:

మంచి పని చేశావమ్మా. గోంగూర ఆకు బాగానే వస్తుంది. ఏప్రిల్ చివర్లో ట్రేల్లో విత్తి, మంచు భయం పోయాక, మే ఆఖరుకో జూన్ మొదట్లోనో నాటాలి. పగళ్లు చిన్నవైతే గానీ పూతకు రాదు. ఆ పూత వచ్చేసరికి ఇక్కడ మంచు కురిసి మొక్క పోతుంది, కాబట్టి బయట విత్తనం పండదు. ఇంటర్వ్యూలో తప్పకుండా చెప్పు, కొత్త పంట మీద ఆసక్తి ఉన్న రైతులు ఇక్కడ ఉన్నారు. మొదటి ఏడు ఒక్క సాలు అడుగు, చాలు. విత్తనాలు ఇక్కడే కొనుక్కో. ఊరి నుంచి వచ్చేవాళ్లతో సూట్‌కేసులో తెప్పించకు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగూ తెగులూ లేవని ఇచ్చే ప్రభుత్వ పత్రం) లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, తెచ్చినవాళ్లకు ఫైన్ కూడా పడొచ్చు.