కీళ్లవాతం పేషెంటుకు నొప్పి అంకె రాస్తే చాలా? చెయ్యి పట్టి చూడాలా?

మంగళం సిస్టర్, తిరుపతి:
మా ఓపీలో రుమటాయిడ్ పేషెంటు కూర్చోగానే "నొప్పి పదికి ఎంతమ్మా?" అంటాం. చెప్పిన అంకె రాసి, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ కాగితాలు పైన పెట్టి లోపలికి పంపుతాం. ఇది గుమాస్తా పని. వాచిన కీళ్లు, నొక్కితే నొప్పి పుట్టే కీళ్లు నర్సే లెక్కపెట్టాలంటాను నేను. జబ్బు ఎంత చురుగ్గా ఉందో కొలిచే డాస్-28 లెక్కలో ఉండేవి 28 కీళ్లే. చెయ్యి తిరిగితే ఐదు నిమిషాల పని. మీరేమంటారు?

వార్డు ఇన్‌ఛార్జి:
ఐదు నిమిషాలా? పొద్దున తొమ్మిదికి మా ఓపీ గుమ్మం ముందు నిలబడి చూడమ్మా. పైగా నేను నొక్కి నాలుగన్నది డాక్టరు నొక్కి ఏడంటే ఫైల్లో ఏది ఉంచాలి? సీఆర్‌పీతో ఆ గొడవ లేదు.

పలమనేరు అబ్బాయి:
నేను నర్సును కాను, పేషెంటు కొడుకును. మాయమ్మ ఎప్పుడడిగినా "మూడు" అనేది. ఎక్కువ చెప్తే మందు పెంచుతారు, ఖర్చు నా మీద పడతాదని. రెండేళ్లు ఆ మూడే ఫైల్లో ఉండాది. ఒకసారి కొత్త సిస్టరు చెయ్యి పట్టుకుని "పాలు పిండతా ఉండావామ్మా?" అనింది. మాయమ్మ ఏడ్చేసింది. నాలుగింటికి లేస్తే పాల వ్యాను వచ్చిపోయేదాకా గుప్పిట మూతపడదంట. ఆవుల్ని పిండేది మా నాయనంట. బెంగుళూరులో ఉండే నాకు ఇదేమీ తెలీదు.

మంగళం సిస్టర్:
వ్యాను ఆరుకొస్తే రెండు గంటలు. పొద్దుటి బిగుతు గంట దాటిందంటే లోపల వాపు అణగలేదనే అనుమానించాలి. సీఆర్‌పీ మామూలుగా ఉన్నా కీలు వాచి ఉండొచ్చు. ఈ జబ్బుకే వేసే టోసిలిజుమాబ్ సూది పడేవాళ్లలో అయితే ఆ మందే సీఆర్‌పీని దించేస్తుంది, కాగితం చూసి మురిసిపోకూడదు.
ఇంకోటి. ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే. గుర్తుంటుందని "శనివారం, స్వామి వారం" అని మేమే చెప్తాం. ఒకామె ఆ రోజు ఒక్కపొద్దని మాత్రే మానేసింది! పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఏ రోజు వేసుకున్నావని అడిగి, నోరు తెరిపించి ఆ మందుకు పుండ్లు పడ్డాయేమో చూసే పని ల్యాబు చెయ్యదు.

వార్డు ఇన్‌ఛార్జి:
మందు, నోరు ఒప్పుకుంటా. కీళ్ల లెక్కే నాకింకా ఎక్కడం లేదు. ఆ 28లో మణికట్లతో కలిపి చేతులవే 22, పాదాలు అసలు లేవు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతానని మొక్కుకున్నామె నిన్న వచ్చింది. చేతులు బాగున్నాయి. చెప్పులు విప్పించి ముందరి పాదం రెండు వైపులా అదిమితే కెవ్వుమంది. మీ లెక్కలో ఆమెకు సున్నా!

మంగళం సిస్టర్:
చెప్పులు విప్పించింది ఎవరు మరి, ల్యాబా?